పిడి మీద గీత

కొడవలూరు నుంచి సముద్రపు ఒడ్డు దాకా ఏ రొయ్యల గుంట గట్టు మీద అడిగినా ఒక మాట చెబుతారు. నెల్లూరులో దస్తగిరి భాయ్ షాపులో రైఫిల్ కొంటే గీతలు పడిన సరుకు అంటగడతాడని. ఆ మాట పచ్చి అబద్ధం. దాన్ని పుట్టించి, పెంచి, కాళ్ళొచ్చేదాకా చంకనెత్తుకుని తిప్పినవాణ్ణి నేనే. వడ్లగింజంత గీత మూలంగా ఒక షాపు పరువు, ఒక పెళ్ళి, ఒక కొత్త మోటారుసైకిల్ ఎలా ప్రమాదంలో పడ్డాయో చెబుతాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

రైఫిల్ అనగానే నన్ను మీసం మెలేసే మనిషిగా ఊహించుకోకండి. అది ఎయిర్ రైఫిల్, లైసెన్సు అక్కర్లేని రకం. మాకు కాస్త వరి పొలంతో పాటు రెండు రొయ్యల గుంటలున్నాయి. రొయ్య కొంచెం ఎదిగిందంటే చాలు, నీటికాకులు దిగుతాయి. పెళ్ళి విందుకు పిలిచినట్టు వరసగా వచ్చి, మునిగి, తేలి, కడుపునిండా తిని, గట్టు మీద రెక్కలు ఆరేసుకుని కూర్చుంటాయి. వాటిని చంపకూడదు. చట్టమూ ఒప్పుకోదు, మా ఆవిడ సుజాతా ఒప్పుకోదు. అందుకని గట్టున ఒక కర్రకు పాత రేకు వేలాడదీసి, దూరం నుంచి ఆ రేకును కొడతాం. అది టంగుమంటుంది, కాకులు లేచిపోతాయి. మా యుద్ధం అంతవరకే. తనను కొట్టిన రైఫిల్ పిడి నున్నగా ఉందా లేదా అన్నది రేకుకు పట్టదు, కాకులకూ పట్టదు. పట్టింపంతా నాదే.

కొత్త వస్తువంటే కొత్తగా ఉండాలన్నది నా సిద్ధాంతం. అదేం ఖర్మమో, కొన్నేళ్ళుగా ఏది కొన్నా నాకు గీత పడిందే వచ్చేది. ఫ్రిజ్ కొంటే తలుపు మీద గీత. బీరువా కొంటే అద్దం పక్కన గీత. సెల్‌ఫోన్ కొంటే వెనక గీత. ప్రతిసారీ షాపుకు పోయి తగాదా పడటం, వాళ్ళు దణ్ణం పెట్టి పంపించడం మామూలైపోయింది. జిల్లాలోని వ్యాపారస్తులంతా ఒకచోట కూర్చుని, మంచివి జనానికిచ్చి గీతలున్నవి రమణయ్య కోసం పక్కన పెట్టాలని తీర్మానం చేసుకున్నారని గట్టిగా నమ్మేవాణ్ణి.

వస్తువును పరీక్షించే పద్ధతి మాత్రం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన ఎద్దును కొనేముందు కళ్ళు మూసుకుని, చేతి వెనకవైపుతో మెడ దగ్గర్నుంచి తోక దాకా మెల్లగా నిమిరేవాడు. "అరచెయ్యి పారబట్టి మొద్దుబారి ఉంటాది. నిజం తెలిసేది ఎనకచేతికేరా" అనేవాడు. ఎద్దుకు పనికొచ్చిన పద్ధతి ఫ్రిజ్‌కు ఎందుకు పనికిరాదు? నేను దేన్నయినా అలాగే నిమిరేవాణ్ణి. కుడిచేతి వెనకవైపుతో, కళ్ళు మూసుకుని. గుంటలు తవ్వించిన ఏడాది గురుబలం కోసం పెట్టుకున్న పుష్యరాగం ఉంగరం ఆ చేతికి నిగనిగలాడుతుంటే, షాపులో వాళ్ళు నన్ను సరుకు నాణ్యం కనిపెట్టే గొప్ప పారఖీ అనుకుంటున్నారని నా ఊహ.

దస్తగిరి షాపులో మా బావమరిది శీను సేల్స్‌మన్‌గా చేరి అప్పటికి కొన్నాళ్ళే అయింది. ఆ ఉద్యోగం చూసే సూళ్లూరుపేట పెంచలయ్య గారు వాడికి పిల్లనిస్తానన్నారు. ఆయనకూ రొయ్యల గుంటలున్నాయి. తాంబూలాలకు ముహూర్తం కూడా పెట్టుకున్నాం. "మనోడుండే షాపులోనే కొను, వాడికీ మంచి పేరొస్తాది" అని సుజాతే నన్ను పంపింది. పంపినట్టు ఆమె ఇప్పుడు ఒప్పుకోదు, అది వేరే సంగతి.

తేనెరంగు చెక్క పిడి ఉన్న రైఫిల్ కొని ఇంటికి తెచ్చాను. సీలు విప్పి, మంచం మీద దుప్పటి పరిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను. కళ్ళు మూసుకుని మెల్లగా నిమిరాను. తరవాత కళ్ళు తెరిచి అద్దాలు పెట్టుకున్నాను.

పిడి మీద గీత! వడ్లగింజంత పొడుగు, చివర కొక్కెంలా చిన్న వంపు.

"మే సుజాతా, ఇట్టా రా! నీ తమ్ముడి ఘనకార్యం చూద్దువు గాని."

సుజాత చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. "ఏందది, వెంట్రుకా?"

"గీత!"

"ఆ గీత కాకులకు కనపడతాదా?"

"కాకుల మాట కాదు. కొత్తదని చెప్పి ఇచ్చినారు."

"పేల్చి చూసినావా? రేకుకు తగలతా ఉండాదా?"

"గీత పడినదాన్ని పేల్చేదేంది!"

ఈ చివరి మాటను దయచేసి గుర్తుంచుకోండి. రైఫిల్ కొన్నవాడు దాన్ని పేల్చకుండానే తిరిగి షాపుకు పట్టుకుపోయాడు. పెళ్ళికూతురి పేరు అడక్కుండా చీర అంచు బాగాలేదని లేచొచ్చేసినవాడికీ నాకూ తేడా లేదు.

దస్తగిరి భాయ్ గొంతు పెంచని మనిషి. పిడిని వెలుతురులో తిప్పి చూసి, "కొయ్య గదన్నా, నార అటూ ఇటూ ఉంటాది" అన్నాడు.

"నార కాదు భాయ్, గీత."

"సరే, మార్చి ఇస్తా. శీనూ, ఇంకోటి తియ్యి."

శీను సీలు పెట్టె తెచ్చి నా ముందే విప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను, నిమిరాను, తెరిచాను. గీత! అదే పొడుగు, అదే వంపు.

"ఇది కూడా అంతే" అన్నాను విజయగర్వంతో. తప్పు దొరికిన మనిషికి వస్తువు దొరికిన దానికన్నా ఎక్కువ ఆనందం.

మూడోది విప్పేటప్పుడు శీను టార్చి వేసి పిడంతా చూశాడు. "బావా, ఏం లేదు, గాజులాగుండాది" అని చేతికిచ్చాడు. నేను నా పద్ధతిలో నిమిరి, అద్దాలు సర్దుకుని, వేలు పెట్టి చూపించాను.

"మరి ఇదేంది?"

వాడి ముఖం పాలిపోయింది. "ఇప్పుడే చూసినా బావా, పెట్టె తీసినప్పుడు లేదు!"

"లేకపోతే యాణ్ణించి వచ్చింది? నేనేమన్నా గీసినానా?"

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అంత అసంభవమైన మాట మరి.

ఆ నవ్వుతో వదిలేసినా బాగుండేది. మొదటి రైఫిల్‌ను సాక్ష్యంగా చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో, షాపులోనే తీసుకున్న మూడు గీతల ఫొటోలూ పెట్టి, కింద ఇలా రాశాను: "సోదర రైతులారా, ఈ షాపులో పనిచేసేవాళ్ళు వాడిన సరుకును కొత్తదని అంటగడుతున్నారు. తస్మాత్ జాగ్రత్త." షాపులో పనిచేసేది శీను ఒక్కడేనని రాసేటప్పుడు తట్టలేదు. ఆ గ్రూపులో పెంచలయ్య గారు కూడా ఉన్నారని పంపేటప్పుడు తట్టలేదు.

మర్నాటికల్లా ఆ ఫొటోలు మా జిల్లా దాటాయి. రైఫిళ్ళు చెప్పి పెట్టుకున్నవాళ్ళు వద్దన్నారు. దస్తగిరి భాయ్ శీనును పిలిచి, "నువ్వు మంచోడివే. కానీ మీ బావే మనల్ని దొంగలంటా ఉంటే నిన్ను కౌంటర్లో ఎట్టా నిలబెట్టేది? ఈ మాట తేలేదాకా ఇంటికాడ ఉండు" అన్నాడట. సాయంత్రానికి పెంచలయ్య గారి ఫోను. "రమణయ్యా, తాంబూలాలు ఆపి పెట్టండి. ఆదివారం వస్తా ఉండా, మాట్లాడాల."

సుజాత నాతో మాట్లాడటం మానేసి ఫ్రిజ్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది. "చూసినావా ఫ్రిజ్జమ్మా, నా తమ్ముడికి కుదరక కుదరక ఒక సంబంధం కుదిరితే, గీత పడిందంటా ఈ మనిషి దాన్ని కూడా షాపుకు తిరిగిచ్చేసినాడు."

ఆదివారం పెంచలయ్య గారు మోటారుసైకిల్ మీద వచ్చారు. నల్లటి కొత్త బండి. హ్యాండిల్‌కు బంతిపూల దండ, సీటుకు ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. దిగారు గానీ ఇంట్లోకి రాలేదు. వాకిట్లోనే బండి పక్కన నిలబడి, గోడవారన తలొంచుకున్న శీనును చూస్తూ అన్నారు.

"అబద్ధం చెప్పి సరుకమ్మేవాడికి పిల్లనెట్టా ఇచ్చేది రమణయ్యా? నువ్వు సొంత బావవి. నువ్వే రాసినావంటే నిజముండబట్టే గదా."

నాకు అప్పుడు మొదటిసారి అనుమానం తగిలింది. గీత నిజమే గానీ, శీను అబద్ధమాడే పిల్లోడు కాడని నాకు తెలుసు. గాలి కాస్త చల్లబరుద్దామని మాట మార్చాను.

"బండి కొత్తదా అన్నా?"

"నిన్ననే తీసినా. పూజ చేయించి నేరుగా ఇక్కడికే."

మర్యాద కోసం ట్యాంకు మీద చెయ్యి వేశాను. అలవాటు ఊరుకుంటుందా? కళ్ళు మూసుకుని, వెనకచేత్తో, ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాను. సన్నగా కీచుమంది. కళ్ళు తెరిచాను.

"అయ్యయ్యో, ఇక్కడ గీత ఉండాదే! ఏ షాపులో తీసినావన్నా? నిన్ను కూడా మోసం చేసినారు!"

పెంచలయ్య గారు తువ్వాలుతో ఆ చోటును రెండుసార్లు తుడిచి చూశారు.

"నువ్వు నిమరక ముందు లేదు రమణయ్యా" అన్నారు పెంచలయ్య గారు, చాలా నెమ్మదిగా.

సుజాత వచ్చి నా చెయ్యి పట్టుకుని ఎండలోకి తిప్పింది. పుష్యరాగాన్ని పట్టుకుని ఉండే బంగారు కొక్కేల్లో ఒకటి పైకి లేచి, ముల్లులా నిలబడి ఉంది. ఎప్పుడో గుంటలో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ బిగిస్తూ దెబ్బ తగిలించుకున్నాను. ఆమె ఇంట్లోకి పోయింది. కాసేపటికి వంటింట్లోంచి వినపడింది: "ఫ్రిజ్ మీద అదే గీత!" తరవాత పడకగదిలోంచి: "బీరువా మీద అదే గీత!" చివరికి మొదటి రైఫిల్ ఎత్తుకుని గడపలోకొచ్చి నిలబడింది. ట్యాంకు మీది గీతా, పిడి మీది గీతా కవల పిల్లల్లా ఉన్నాయి.

గీత ఉందేమోనని నిమిరి, నిమిరి గీత పెట్టి, గీత ఉందని అరిచి ఊరు కూడగట్టాను. ఇన్నేళ్ళూ!

పెంచలయ్య గారు ట్యాంకు వైపు చూశారు, నా వైపు చూశారు, శీను వైపు చూశారు. ఆయన భుజాలు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. అది కోపం కాదు, నవ్వని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది.

"ఇట్టా రా అల్లుడా, ఆ గోడకాడ ఎందుకు నిలబడతావు?" అని శీనును దగ్గరికి తీసుకున్నారు. "సరుకూ మంచిదే, అమ్మినోడూ మంచోడే. తేడా బావలో ఉండాది. అమ్మా సుజాతా, బావను మార్చి ఇచ్చే షాపేమన్నా ఉందా?"

"ఉంటే ఈపాటికి మార్చుకునేదాన్ని గదన్నా!"

ఆ సాయంత్రమే దస్తగిరి షాపుకు పోయి అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. నేను గీసిన మూడు రైఫిళ్ళూ నేనే కొనుక్కున్నాను. భాయ్ నవ్వి, "మొదటి గీత తన చేత్తోనే పడాలని కొనేవాళ్ళందరికీ ఆశన్నా. నువ్వు షాపులోనే తీర్చుకున్నావు. పోయి పేల్చి చూడు, గొట్టం సూటిగా ఉందో లేదో ఇంతవరకు అడగనేలేదు" అన్నాడు. పోయి పేల్చాను. రేకు టంగుమంది. నా ఫిర్యాదుల కాలంలో తిని తిని బలిసిన కాకులు బరువుగా లేచాయి.

శీను మర్నాడే కౌంటర్లో నిలబడ్డాడు, ముహూర్తానికే తాంబూలాలు పుచ్చుకున్నారు. గ్రూపులో క్షమాపణ కూడా రాశాను. కానీ ఫిర్యాదును పదిమందికి పంపినవాళ్ళెవరూ క్షమాపణను ఇంకొకరికి పంపలేదు. అందుకే ఇప్పుడిదంతా రాయాల్సి వచ్చింది.

మొన్న శీనుకు కూతురు పుట్టింది. ఆసుపత్రిలో పాపను అందుకోబోతుంటే సుజాత, పెంచలయ్య గారు ఒక్క గొంతుతో "ఉంగరం!" అన్నారు. అది బీరువాలో పడి ఎన్నాళ్ళో అయిందని రెండు చేతులూ తిప్పి చూపించాక గానీ బిడ్డను ఇవ్వలేదు. పాప భుజం మీద వడ్లగింజంత పుట్టుమచ్చ ఉంది. గదిలో వాళ్ళంతా నా వైపు తిరిగారు.

"నేను ముట్టుకోకముందే ఉండాదమ్మా!" అన్నాను.

మా నాయన కొన్న ఎద్దులన్నిటి సాక్షిగా, మా గట్టు మీది రేకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కొత్తగా వచ్చినది ఏదైనా సరే, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాను. మచ్చ కనపడితే కళ్ళద్దాలు తీసేస్తాను.