రెండు మిషన్ల మధ్య స్టూలు

ఆ వీధిలో ఆమెను అందరూ హుక్కుల పిల్ల అనే పిలుస్తారు. ఇరవయ్యేళ్ళు నిండాయి, డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది, అయినా వీధికి ఆమె పిల్లే. ఇంటి ముందుగదిలోనే వాళ్ళ కుట్టుకొట్టు. రెండు మిషన్ల మధ్య ఒక పొట్టి స్టూలు, దాని మీద ఆమె, ఒళ్ళో స్కూలు యూనిఫాంల గుట్ట. హుక్కులూ గుండీలూ కుట్టడం ఆమె వంతు. కుడివైపు మిషను అమ్మది, ఎడమవైపుది పెద్దమ్మది. వాళ్ళ మొగుళ్ళు, అంటే అన్నదమ్ములిద్దరూ ఒకే లారీ మీద తిరుగుతారు. ఇంట్లో రాజకీయం భరించలేకే లారీ ఎక్కారని వీధిలో నవ్వుకుంటారు. అది మరీ అంత అబద్ధమేం కాదు.

పెద్దమ్మది గొడుగు గుర్తు, అమ్మది గంట గుర్తు. ఏ పార్టీలోనూ వీళ్ళకు సభ్యత్వం లేదు, వీళ్ళ గుమ్మం తొక్కిన నాయకుడూ లేడు. అయినా ఆ పట్టుదల చూడాలి! పొద్దున్నే మిషను తొక్కడంతోపాటే వాదన మొదలవుతుంది. కోపం వస్తే పెద్దమ్మ కుట్టు వేగం అందుకుంటుంది, అమ్మకు దారం తెగుతుంది. "మీవాళ్ళు వేసిన రోడ్డు వానకే కొట్టుకుపోయింది కదక్కా" అని ఈవిడ, "మీవాళ్ళు అసలు వేస్తేగా కొట్టుకుపోవడానికి" అని ఆవిడ. ఇంతా అయ్యాక ఒకే గిన్నెలో టీ మరుగుతుంది. అమ్మ గ్లాసులో ఒక చెంచా పంచదార ఎక్కువ వేసేది పెద్దమ్మే. ఎన్ని ఎన్నికలొచ్చినా ఆ చెంచా మాత్రం తగ్గలేదు.

మధ్యలో కూర్చున్న పిల్ల తల ఎత్తదు. నోరు లేక కాదు. చిన్నప్పుడు వసపిట్ట! పదేళ్ళప్పుడు ఒకసారి మైకులతో ఊరేగింపు పోతుంటే, ఆ హుషారులో గుమ్మంలోకి పరుగెత్తి "గంటే గెలవాలి!" అని గొంతు చించుకుంది. ఆ రాత్రి పెద్దమ్మ తిండి ముట్టలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. దవడకు చెయ్యి ఆనించుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కన్నది అమ్మే అయినా, అమ్మ మంచం పట్టిన రోజుల్లో చంకనేసుకుని పెంచింది పెద్దమ్మ. అలాంటి మనిషిని నొప్పించానని పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఆనాటినుంచి రాజకీయం మాటొస్తే చాలు, నోటికి హుక్కు పెట్టేసుకునేది.

అలాగని అభిప్రాయాలు లేవా? బోలెడున్నాయి. కాలేజీ నుంచి ఇంటివైపు వచ్చే ఆఖరి బస్సును పురపాలక సంఘంలోని గొడుగువాళ్ళు ఆర్టీసీకి చెప్పి రద్దు చేయించారు. సాయంత్రం క్లాసులయ్యాక వేరే బస్సెక్కి, బైపాస్ దగ్గర దిగి, దీపాల్లేని రోడ్డు మీద నడిచి రావాలి. ఇంట్లో మాత్రం స్నేహితురాలు బండి మీద దింపుతోందని చెప్పింది. ఆ బస్సు కోసమే రిటైరైన నర్సమ్మ ఒకావిడ బకెట్ గుర్తు మీద ఎన్నికల్లో నిలబడింది. బస్సు తిరిగి వెయ్యమంటూ కాలేజీలో సంతకాలు తీసుకుంటుంటే మన పిల్ల కలం చేతిలోకి తీసుకుని కూడా వదిలేసింది.

"గొడుగువాళ్ళ మీద ఫిర్యాదు కదే. పెద్దమ్మకి తెలిస్తే?" అంది పక్కనున్న స్నేహితురాలితో.

"పోనీ నర్సమ్మతో నాలుగిళ్ళు తిరుగు" అంది స్నేహితురాలు.

"ఆవిడ గంట ఓట్లు చీలుస్తోందని అమ్మ మండిపడుతోంది."

"మరి నీకేం కావాలే?"

ఏం కావాలో తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు, పాపం.

మొదటి ఓటు రానే వచ్చింది. పెద్దమ్మ అడిగితే "నీ మాటే పెద్దమ్మా" అంది. అమ్మ అడిగితే "నీ మాటేనమ్మా" అంది. అసలు ఉద్దేశం వేరు. ఓటేసే రోజు కడుపునొప్పి వంక పెట్టి దుప్పటి ముసుగేద్దామనుకుంది. ఇద్దరమ్మల ముందు ఒక ఓటెంత, పోతే పోనీ అనుకుంది.

పోలింగు ముందురోజు బండారం బయటపడింది.

"రేపు ఈ ఇంటినుంచి గొడుక్కి రెండు ఓట్లు" అంది పెద్దమ్మ, దారం కొరుకుతూ.

"రెండోది ఎవరిదక్కా? బావగారు లారీ మీదున్నారుగా" అంది అమ్మ.

"ఇదిగో, దీనిది. నాకు మాటిచ్చింది."

అమ్మ పాదం ఆగిపోయింది. "అదేంటి, నాకూ మాటిచ్చిందే!"

రెండో మిషనూ ఆగింది. స్టూలు మీద పిల్ల, చొక్కాకు గుండీ ఉండాల్సిన చోట వదిలేసి ఎక్కడో కుట్టేస్తోంది.

"ఏమే గోడమీద పిల్లీ, ఇద్దరికీ టోపీ పెట్టావా?" అంది పెద్దమ్మ.

"ఎవరికీ వెయ్యను. అసలు వెళ్ళనే వెళ్ళను!" అంటూనే బావురుమంది పిల్ల. "గొడుగంటే అమ్మ ముఖం మాడ్చుకుంటుంది, గంటంటే నువ్వు తిండి మానేస్తావు. నాకు మీరిద్దరూ కావాలి. ఆ ఓటు నాకొద్దు."

"నేను తిండి మానేశానా? ఎప్పుడే?"

ఎక్కిళ్ళ మధ్య ఆ ఊరేగింపు రాత్రి సంగతంతా చెప్పింది. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా! ఆరోజు దవడ పన్ను పీకించుకొచ్చానే! నీళ్ళు కూడా మింగలేకపోయాను!"

అమ్మకు నవ్వాగలేదు. "కొంచెం కోపం కూడా ఉందిలే అక్కా."

"ఉంది, కాదన్నానా? తెల్లారేసరికి పోయింది." పెద్దమ్మ లేచి వచ్చి పిల్ల తలను కడుపుకు హత్తుకుంది. "మీ అమ్మతో రోజూ పోట్లాడతాను, దాన్నేమన్నా వదిలేశానా? ఆ కాస్త కోపానికి ఇన్నేళ్ళు నోరు కుట్టుకుంటావుటే?"

"నీకు నచ్చినవాళ్ళకి వేసి రా. ఎవరికని అడగం" అంది అమ్మ.

"ఎందుకడగం? అడుగుతాం" అంది పెద్దమ్మ.

మర్నాడు కొట్టుకు తాళమేసి ముగ్గురూ వెళ్ళారు. క్యూలో కూడా ఆ ఇద్దరూ పోట్లాడుకుంటుంటే పోలీసు వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఇంటికొచ్చి ఎవరి మిషను ముందు వాళ్ళు కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. మిషన్లు మాత్రం అడుగుతున్నట్టే మెల్లగా నడిచాయి. సిరా గుర్తున్న వేళ్ళతోనే పిల్ల సూదిలోకి దారం ఎక్కించింది.

"బకెట్‌కి వేశాను."

రెండు మిషన్లూ ఠక్కున ఆగాయి.

"బకెట్‌కా!" అన్నారిద్దరూ. ఎన్నికల విషయంలో వాళ్ళిద్దరి నోటా ఒకేసారి ఒకే మాట రావడం అదే మొదలు.

"డిపాజిట్ అయినా దక్కుతుందిటే ఆవిడకి?" అంది అమ్మ.

"తెలీదు. బస్సు కోసం వేశాను. నన్నెవరూ బండి మీద దింపట్లేదమ్మా. బైపాస్ నుంచి చీకట్లో నడిచే వస్తున్నాను."

అమ్మ చెయ్యి గుండె మీదకు పోయింది. పెద్దమ్మ పిల్లవైపు తిరిగింది.

"ఆ బస్సు తీసేసింది మావాళ్ళేనా?"

"అవును పెద్దమ్మా."

పెద్దమ్మ ముఖం మాడింది. దాచుకోనూ లేదు. పిల్ల ఎప్పటిలా యూనిఫాం మీదకు తల వంచేసింది. అప్పుడు పెద్దమ్మ చెయ్యి చాపి, ఆ వేళ్ళ మధ్యనుంచి సూది లాగేసుకుంది.

"హుక్కులు తర్వాత. మొదట్నుంచీ చెప్పు. మధ్యలో మేం అరుస్తాం, అయినా నువ్వు ఆపకు."