గుంట మగ్గంలో నెమ్ము

కాశిబుగ్గలో ముసురు పట్టిందంటే వినోదకు అంతా నెమ్మే. గోడ నెమ్మెక్కింది, దిండు నెమ్మెక్కింది, ఆరని చీర నెమ్ము వాసన కొడుతోంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి జంపఖానా నేసే ఆమె భర్త వెంకట్రాజానికి మాత్రం ఆ మాట గిట్టదు. ఎండాకాలమంతా పుటుక్కున తెగి సతాయించే నూలు, ముసురులో మెత్తబడి చెప్పినట్టు వింటుంది మరి.

"గుంటంత నెమ్మున్నది, జర పైకి రారాదు," అంది వినోద.

"నెమ్ము గోడకుంటది. నూలుకైతే చెమ్మ అంటరు."

"మరి నీ మోకాళ్లకేమంటరు?"

వెంకట్రాజం పైకొచ్చి కాళ్లు చాపాడు. ఆమె వేడి ఉప్పుమూటతో కాపడం పెడుతుంటే ప్రాణం లేచొచ్చింది.

"నెమ్మే తియ్," అన్నాడు మెల్లగా. "పోగు ముందట మాత్రం అనకు."