తమ్ముడి ఎర్ర కారు, నా ఒంటి తుమ్ము

ఇటలీ బాడీ, అమెరికా ఇంజను ఉన్న పాత స్పోర్ట్స్ కారు మా తమ్ముడిది. దాన్ని కొనడానికి ఈ రోజు మహబూబ్‌నగర్ నుంచి ఒకాయన నల్గొండకు వచ్చాడు. బేరం కుదిరింది. తాళంచెవి ఇవ్వబోతూ తమ్ముడు బానెట్ నిమురుతుంటే చూడలేక, కావాలనే ఒక్క తుమ్ము తుమ్మాను.

"ఒంటి తుమ్ము, మంచిగ లేదు" అంటూ ఆయన లేచి వెళ్ళిపోయాడు.

తమ్ముడు సంతోషిస్తాడనుకున్నాను.

"బత్తాయి తోట ఎండుతాంది అక్కా. గిది అమ్మి బోరు ఏపిద్దామనుకున్న" అన్నాడు.

కాసేపటికి వాడే అల్లం చాయ్ తెచ్చాడు. "నీకు సర్ది అయినట్టుంది, జర వేడిగ తాగు."

తుమ్ము శకునాన్ని నేను నమ్మను, నమ్మేవాడి మీద వాడాను. తమ్ముడికి నిజం చెప్పమంటారా, ఇంకొన్నాళ్ళు ముక్కు తుడుచుకోమంటారా?