స్కాలర్‌షిప్ ఫారంల నేను బిజినెస్‌మ్యానైన!

నా బిడ్డ చదువును నా చేతులతోటి నేనే మునగగొట్టబోయిన, తెల్సా సత్తన్నా? నవ్వకు! నాకింక కోపం దిగలే. చాయ్ తాగుకుంట విను.

మా శ్రావణికి ఇంటర్ల మంచి మార్కులొచ్చినయి గదా. జగిత్యాలల వాళ్ళ సార్ ఒకాయన ఉన్నడు. సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేసుకుంట చదువుకున్న మనిషి. గాయిన చెప్పిండు, పట్నం దిక్కు ఒక ప్రైవేటు కాలేజి ఉన్నదట. ఇంజనీరింగ్ కాదు, డాక్టర్ కాదు. చరిత్ర, ఎకనామిక్స్, సాహిత్యం గివన్నీ కలిపి చదువుకోవచ్చట. ఫీజు వింటే నాకు చెమటలు పట్టినయి.

"భయపడకు బాపూ, ఇంటి పరిస్థితి చూసి స్కాలర్‌షిప్ ఇస్తరు. నిజంగ లేనోళ్ళకైతే మొత్తం మాఫీ" అన్నది బిడ్డ.

లేకపోవుడే కావాల్నంటే మాకంటె ఎవలున్నరు? మా లత బీడీలు చుడ్తది. నేను కోరుట్ల నుంచి మల్లాపూర్‌కు కిరాయి ఆటో నడుపుత.

ఆన్‌లైన్ ఫారం. బిడ్డ తన పేజీలు నింపింది, ఏదో వ్యాసం సుత రాసింది. తల్లిదండ్రుల పేజీ మిగిలింది. "నేనొచ్చినంక నింపుత బాపూ, నువ్వు ముట్టకు" అని చెప్పి జగిత్యాల పోయింది. ఆగుతనా? ఎనిమిదేండ్లు దుబాయ్‌ల ఉన్నోన్ని, ఎన్ని ఫారాలు చూసిన! ఫోన్ ముంగట పెట్టుకొని కూసున్న.

'మీ కుటుంబంలో ఎవరైనా విదేశాలకు వెళ్ళారా? ఎన్నిసార్లు?' అబద్ధమెందుకని నాలుగుసార్లు అని కొట్టిన. రెండేండ్లకోసారి సెలవుకొచ్చి మళ్ళ పోయిన గదా! కింద 'ఎందుకు?' అని టిక్కు పెట్టే డబ్బలు. టూరిజం, చదువు, వైద్యం, బిజినెస్. అయిపాయె! గంతే!

చూసినవా అన్యాయం? కూలికి పోయినోనికి డబ్బనే లేదు! మన కోరుట్లల ఏ గల్లికి పోయినా దుబాయో మస్కటో పోయొచ్చినోడు దొరుకుతడు. వాళ్ళల్ల టూర్ పోయినోన్ని ఒక్కన్ని చూపెట్టు! ఏంజెయ్యాలె? పని అంటే బిజినెసే గదా అని గా డబ్బనే నొక్కిన.

ఆఖరికి 'వివరాలు రాయండి' అన్నది. గిక్కడ్నే చెడింది. నీకిప్పుడు చెప్తున్న, నేను దుబాయ్‌ల కార్లు కడిగేటోన్ని. ఇంట్ల, ఊర్ల, నీకు సుత, డ్రైవర్‌నని చెప్పిన. మరి కడిగేటోన్నని రాస్తే బిడ్డ చూస్తది గదా! మస్తు సోంచాయించి 'ఆటోమొబైల్ లైన్' అని రాసిన. సబ్మిట్!

నాలుగు దినాలకు కాలేజి నుంచి ఒక మేడం ఫోన్ చేసింది. లత, శ్రావణి పక్కనే ఉన్నరు. శాన తెలివితోటి స్పీకర్ సుత పెట్టిన.

"సార్, మీకు ఆటోమొబైల్ బిజినెస్ ఉందా?"

"బిజినెస్ ఏందమ్మా!"

"మీరే రాశారు కదండీ. నాలుగు ఫారిన్ ట్రిప్పులు కూడా ఉన్నాయి. అంత ఉన్నవాళ్ళకి ఈ స్కాలర్‌షిప్ రాదండీ."

శ్రావణి మొఖం తెల్లబడ్డది. "ఏం రాసినవ్ బాపూ?" అని చిన్నగ అడిగింది. గంతే, నాకు కోపం నెత్తికెక్కింది.

"ట్రిప్పులంటరేందమ్మా? ఒక్క రూంల పన్నెండు మందిమి పండుకున్నం! కంపెనీ మూతబడి, ఆర్నెల్లు జీతం రాక, ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ కాయిదం పట్టుకొని వట్టి చేతులతోటి ఇంటికొచ్చిన. గసోంటి ట్రిప్పు మీ కాలేజోళ్ళు పోతరా? మీ గేటు ముంగట పెద్ద పెద్ద కార్లు ఆగుతయి గదా? గసోంటియి పొద్దుందాక కడిగిన! కడిగిన, నడపలే! గది రాద్దామంటే మీ ఫారంల జాగేది?"

అన్నంక సోయికొచ్చిన. లత విన్నది. బిడ్డ విన్నది. ఎనిమిదేండ్లు నడుపుకొచ్చిన డ్రైవర్ ఉద్యోగం ఒక్క నిమిషంల పోయింది! తలకాయ ఎత్తుడు నాతోని కాలే.

మేడం అన్నది, "కోపగించుకోకండి సార్. మీ అమ్మాయి తన వ్యాసంలో ఇదే రాసింది. నాన్న కార్లు కడిగేవారని, జీతం అందక తిరిగొచ్చారని. మీ పేజీ చూస్తే వేరే ఇంటివాళ్ళది లాగా ఉంది. ఏది నిజమో కనుక్కుందామని ఫోన్ చేశాను. ఆదాయ సర్టిఫికెట్ పంపండి, పేజీ సరిచేసుకుందాం."

అంటే చూడు! బిడ్డ రాసిన నిజాన్ని నేను పోయి అబద్ధం చేసి పెట్టిన!

ఫోన్ పెట్టంగనే శ్రావణిని అడిగిన, "నీకెట్ల తెల్సే?"

"వీడియో కాల్ చేసినప్పుడల్ల నీ ప్యాంటు మోకాళ్ళదాక తడిసి ఉంటుండె బాపూ. డ్రైవర్ ప్యాంటు రోజూ ఎందుకు తడుస్తది?"

లత దిక్కు చూసిన. ఆమె తునికాకు కత్తిరించుకుంటనే, "నాకు మొదటి ఏడాదే తెల్సు" అన్నది. మరి చెప్పలేదేందే అంటే, "నువ్వు గంత సంబురంగ చెప్తుంటివి, ఎందుకు కాదనాలె అనుకున్న" అన్నది.

తహసీల్దార్ ఆఫీసు చుట్టు తిరిగి సర్టిఫికెట్ పంపినం. నిన్న మెయిల్ వచ్చింది. ఫీజు, హాస్టల్, మొత్తం మాఫీ! బిడ్డ ఏడ్చింది, లత ఏడ్చింది, నేను బయటికి పోయి ఆటో తుడిచిన.

గని సత్తన్నా, ఎనిమిదేండ్లు ఇంటిల్లిపాదిని నమ్మించిన అనుకున్న. తీరా చూస్తే గా డ్రైవర్‌ను నమ్మినోన్ని నేనొక్కన్నే!

ఏందే, గట్ల గ్లాసుల మొఖం పెట్టి నవ్వుతున్నవ్? నీకు సుత తెల్సా?!