పంక్చరు షాపులో సీతాకోకచిలుకలు

ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. నోటికంటే ముందు చెయ్యి లేచేది. టైరుకు గాలి కొడుతుంటే నడుం గిల్లినవాడికి ముందుపళ్లు రాలాయి. అప్పటినుంచి వీధంతా ఆమెను తుపాకీ అని పిలిచేది, ఆమెకు వినపడనంత దూరంలో నిలబడి.

అలాంటి మనిషి ఇంటికి ఇద్దరు మేనకోడళ్లు వచ్చిపడ్డారు. తమ్ముడు పెళ్లాన్ని గోడకేసి కొట్టి చంపి జైలుకు పోయాడు. వాళ్లలో చిన్నది మాట్లాడ్డమే మానేసింది. తల దువ్వబోతే తలుపు వెనక దూరేది. "కొరుకుతానా ఏమిటే!" అని అత్త అరిస్తే ఇంకా ముడుచుకుపోయేది. ఆ పిల్ల తనంతట తాను వచ్చి ఒక్కసారి ఒళ్లో కూర్చుంటే చాలు, ఆమెకు ఈ జన్మకు ఇంకేం అక్కర్లేదు.

షాపు ముందు పాత లారీ టైరులో నిమ్మమొక్క ఉండేది. ఒకరోజు చూస్తే ఆకుల నిండా పిట్ట రెట్టల్లాంటి పురుగులు. ఆమె చెప్పు తీసింది.

"చంపొద్దత్తా!" అని గావుకేక పెట్టింది చిన్నది. ఆ ఇంట్లో ఆ పిల్ల నోటివెంట వచ్చిన మొదటి మాట అదే.

చెప్పు కిందపడింది. అత్త పంక్చరు చూసే టబ్బును శుభ్రంగా కడిగి, పురుగుల్ని అందులోకి మార్చి, పైన దోమతెర ముక్క కట్టింది. ముగ్గురూ రోజూ లేతాకులు కోసి వేసేవారు. పురుగులు ఆకుపచ్చగా బలిశాయి. ముట్టుకుంటే నారింజరంగు కొమ్ములు బయటపెట్టి కంపు కొట్టేవి.

"అచ్చం నీలాగే అత్తా," అంది పెద్దది. చిన్నది కిసుక్కున నవ్వింది.

బండబారిన ఆ చేతులు పురుగుల కోసం మెల్లగా కదలడం నేర్చుకున్నాయి. చిన్నది పక్కన చేరి ఆకులు మార్చేది. ఒళ్లోకి మాత్రం రాలేదు. కొన్నాళ్లకు పురుగులు గూళ్లు కట్టుకున్నాయి. మొదటి గూడు పగిలిన పొద్దున, సీతాకోకచిలుక తడి రెక్కలు ఆరబెట్టుకోవడం చూపిద్దామని చిన్నదే అత్త చెయ్యి పట్టుకు లాక్కెళ్లింది. తుపాకీకి కళ్లనీళ్లు ఆగలేదు.

అప్పుడే వచ్చాడు తమ్ముడు, బెయిలు మీద.

"నా పిల్లల్ని పంపించెయ్యి."

"నా కంఠంలో ప్రాణం ఉండగా పంపను. పోరా!"

వాడు టబ్బును తన్నాడు. గూళ్లనూ చిలుకనూ బూటుతో నలిపేశాడు. చిన్నదాన్ని జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె టైరు విప్పే ఇనుప లీవరు అందుకుంది. మొదటి దెబ్బకే వాడి మణికట్టు విరిగింది. జుట్టు వదిలేశాడు. అక్కడితో ఆగాల్సింది. ఆమె ఆగలేదు. మోకాలు పగలగొట్టింది. కిందపడ్డాక వీపు మీద కొట్టింది.

"అక్కా, చచ్చిపోతానక్కా!"

చంకనేసుకుని పెంచిన తమ్ముడు. "నీ పెళ్లామూ ఇలాగే ఏడ్చి ఉంటుందిరా!" అని మళ్లీ కొట్టింది. నెత్తురు షట్టరు మీద చిందింది. పక్క షాపులవాళ్లు రెక్కలు పట్టి వెనక్కి లాగేదాకా కొడుతూనే ఉంది.

వాణ్ణి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె చేతులు కడుక్కుని, నేల మీద కూలబడి, గోడకు అంటుకుపోయిన చిన్నదాన్ని పిలిచింది.

"రా తల్లీ. వాడింక రాడు."

చిన్నది కదల్లేదు. "నన్ను కూడా కొడతావా?"

"నిన్నెందుకు కొడతానే? నువ్వు నా బంగారానివి."

"నాన్న కూడా అమ్మని బంగారం అనేవాడు," అంది చిన్నది.