సుట్టం రాయి

అరకు రైలు విశాఖలో పొద్దున్నే, ఏడు కాకముందే బయల్దేరుతుంది. కిటికీ సీటు కావాలంటే ముందుగా రిజర్వేషన్ చేయించుకోండి. మేం చేయించుకోలేదు. ఎనభై దాటిన మా అమ్మ ముందురోజు భోజనాల దగ్గర "రేపే వెళ్దాం" అని తేల్చేసింది. ఆవిడ తేల్చాక మా ఇంట్లో ఇంకెవరూ తేల్చడానికేం మిగలదు.

కారణం ఇదీ. అమ్మ కడుపులో ఉండగానే మా తాత రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లాడు. బాంబర్ విమానంలో తుపాకి పేల్చే ఉద్యోగం. బర్మా మీద బాంబులేసి తిరిగొస్తుంటే, తూటాలు తగిలిన విమానం దారి తప్పి కనబడకుండా పోయింది. "ఆచూకీ లేదు" అన్నారు సర్కారువారు. అందుకని సమాధి లేదు, చర్చిలో ప్రార్థనా జరగలేదు. పోయిన నెల మా చర్చికి వచ్చిన ముంచింగిపుట్టు టీచరు ఒకాయన, తమ వైపు కొండ మీద కూలిన విమానంలోని తెలుగువాడికి ఒక ఊళ్లో రాయి నిలబెట్టారని మాటవరసకి అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మకి నిద్ర లేదు, నాకు మనశ్శాంతి లేదు. ఆయనే అని రుజువేంటమ్మా అంటే, చెక్కతో సిలువ చేయించి సంచిలో పెట్టుకుంది. అదీ ఆవిడ జవాబు.

రైల్లో మా ఎదురుగా శృంగవరపుకోట నుంచి ఒకావిడ కూర్చుంది. కాళ్ల దగ్గర గంపలో అరటిపళ్లు, చలిమిడి, కొత్త చీర. అరకులో ఉన్న కూతురికి సారె పట్టుకెళ్తోంది.

"ఈ వయసులో పెద్దావిడిని కొండలంట ఏటి తిప్పుతున్నావమ్మా?" అని నన్ను నిలదీసింది.

"మా నాన్న దగ్గరికి వెళ్తున్నాం" అంది అమ్మ.

ఆవిడ అమ్మ తెల్లజుట్టు కేసి చూసి నోరు తెరిచింది. "ఇంకా ఉన్నాడేటి?"

సొరంగాలు మొదలయ్యాయి. చీకట్లో పిల్లలు అరుస్తుంటే అమ్మ ఆ గంప కేసే చూస్తోంది. మేనమామ ఇంట్లో పెరిగి, ఆయన చేతుల మీదుగానే పెళ్లయిన మనిషి. "నాకు సారె పంపడానికి నాన్న ఇల్లంటూ ఉంటేగా" అని మెల్లిగా అంది.

అరకులో దిగి ఇడ్లీ తిని ముంచింగిపుట్టు బస్సెక్కాం. రోడ్డు మలుపులు ఎక్కువ, వాంతులొచ్చేవాళ్లు నిమ్మకాయ దగ్గరుంచుకోండి. సంత రోజు కావడం మా అదృష్టం. అక్కణ్ణుంచి కొండ ఊళ్లకి జీపులు దొరికాయి. మామూలు రోజుల్లో నడకే గతి. రాయి ఉన్న ఊరి పక్కనే టీచరుగారి ఇల్లు, రాత్రికి మా బస అక్కడే.

ఆయన మమ్మల్ని ఊరి పెద్ద బుద్రు దగ్గరికి తీసుకెళ్లాడు. డెబ్భై ఏళ్లుంటాయి. ఆ రోజు వాళ్లకి కొత్త పండగ. కొత్త సామలు వండి, ముందు చనిపోయినవాళ్లకి పెట్టి, తర్వాతే తాము తింటారు.

"ఇమానంలో తెల్లోల్లంతా కొండమీదే సచ్చిపోనారు. ఈయనొక్కడే నీల్ల కోసం గెడ్డ దాకా పాక్కుంటా వచ్చినాడంట" అన్నాడు బుద్రు. "మా అయ్య నీల్లు పట్టినాడు. తెలుగులోనే మాటాడినాడంట. ఇశాపట్నం అన్నాడు. ఇంటికాడ మా ఆడది కడుపుతో ఉంది అన్నాడు. పొద్దు గూకకముందే పోనాడు."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇంకా గుర్తుంది నాకు.

"ఎవరికీ చెప్పలేదా?" అన్నాను. నాకు కోపం వచ్చింది.

"పోలీసులొత్తే మేమే సంపేసినామంటారని బయపడిపోనారమ్మా. తప్పే. అందుకే మావోల్లతో పాటు రాయి ఏసినాం."

ఊరి చివర చింతచెట్టు కింద నిలువు రాళ్లు, మధ్యలో ఒకటి కొంచెం పొట్టిది. ఒక్కో రాయి ముందు అడ్డాకు, ఆకులో సామల అన్నం, గుమ్మడి కూర. చనిపోయినవాళ్లని వరసలు పెట్టి పిలుస్తున్నారు. తాతా రా, అత్తా రా, తిను. పొట్టి రాయి దగ్గరికొచ్చి బుద్రు ఆగాడు.

"ఈయన వరసేటో మాకు తెల్దు కదా. సుట్టమా రా అని పిలుత్తన్నాం ఇన్నాల్లూ. ఇప్పుడు ఈయన నెత్తురు వచ్చింది. నువ్వే పిలవాలమ్మా."

చనిపోయినవాళ్లని పిలవకూడదనీ, వాళ్లకి పెట్టింది ముట్టకూడదనీ మా చర్చిలో చెబుతారు. అమ్మ సిలువ తీసి రాయి పక్కన నిలబెట్టింది, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. ఊరంతా ఆకలితో కాచుకునుంది. పుట్టాక ఒక్కసారైనా ఎవర్నీ పిలవని పిలుపు అది, గొంతులోంచి రావద్దూ! మూడుసార్లు నోరు తెరిచి మూసింది.

"నాన్నా," అంది చివరికి. "రా నాన్నా. తిను."

రాయి మీద చెయ్యేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత బుద్రు ఆ ఆకులోది ఒక ముద్ద అందిస్తే, అమ్మ వద్దనకుండా తింది.

రాత్రి టీచరుగారింట్లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నం రైలు అందుకోవాలని పొద్దున్నే బయల్దేరాం. బుద్రూ, ఆయన ఇంటి ఆడవాళ్లూ టీచరుగారు మాట్లాడిపెట్టిన జీపు దగ్గరికి వచ్చేశారు. అమ్మ కొంగు పట్టమని, అందులో సామలు, పసుపు కొమ్ములు పోశారు.

"మీ అయ్య మా ఊర్లో ఉన్నాడు. మరి నువ్వు మా ఊరి ఆడపడుసువే కదా," అన్నాడు బుద్రు. "ఒట్టి సేతుల్తో పంపుతామేటి?"

అరకు చూడ్డానికి వెళ్లేవాళ్లు గుహలు చూస్తారు, కాఫీ తాగుతారు. చూడండి, తాగండి. కానీ ఇక మీదట ఎవరైనా అరకు అంటే నాకు పొట్టి రాయే గుర్తొస్తుంది, దాని ముందు ఒక అడ్డాకు.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. పైన పెట్టమ్మా అంటే అమ్మ సామల మూట వదల్లేదు, ఒళ్లోనే పెట్టుకుంది. పక్కనున్న ఆవిడ అడగనే అడిగింది, "ఏటమ్మా అందులో?"

"సారె," అంది అమ్మ. "మా నాన్న ఊరి నుంచి."