అమ్మోరు అడిగిన పిల్ల

ఆ రోజుల్లో మా బస్తరు రాజ్యపు దక్షిణపు అంచున జబ్బు జబ్బులాగా వచ్చేది కాదు, చుట్టంలాగా వచ్చేది. వచ్చిందని తెలియగానే వాకిలి ఊడ్చి, గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంటికొచ్చిన వియ్యపురాలికి చేసినంత మర్యాద చేసేవాళ్లం. ఉన్నన్నాళ్లూ కొలిచి, పోయేనాడు బుట్టలో పసుపు కుంకుమా కోడిపిల్లా పెట్టి పొలిమేర దాటించేవాళ్లం. (పక్క ఊరివాళ్లు ఆ బుట్టను మళ్లీ తమ పొలిమేర దాటించేవాళ్లు. అలా అది ఎంత దూరం పోయేదో, చివరికి ఎవరి నెత్తిన పడేదో మేం ఎన్నడూ ఆలోచించలేదు.) అంత మర్యాదగా చూసుకున్న జబ్బు మూలంగా నా బతుకులో జరగాల్సిన ఒక మంచి పని చెడిపోయింది. తప్పంతా జబ్బుదేనని చెప్పుకుంటే హాయిగా ఉంటుంది గానీ, ఈ వయసులో అబద్ధమెందుకు? ఉన్నదున్నట్టు చెప్తాను.

అప్పటికి నాకు మీసం బాగానే వచ్చింది, పెళ్లి మాత్రం రాలేదు. మా అయ్య ఉప్పు బండ్లు తోలేవాడు. నడవడం వచ్చిన నాటినుంచీ నేనూ ఆ బండ్ల వెంటే. చర్లలో ఉప్పు ఎక్కించుకుని పామేడు మీదుగా జగర్గుండా సంతకు పోవడం, అక్కడ ఇప్పపూలో చింతపండో ఎక్కించుకుని తిరిగి రావడం, మా ఊరు దారిలో తగిలితే ఇంట్లో దూరి చొక్కా మార్చుకోవడం, ఇదీ నా కాపురం. తెలుగు, హిందీ, హల్బీ, గోండీ, నాలుగింటిలోనూ బేరమాడేవాణ్ణి గానీ, మా మామ కూతురితో ఒక్క భాషలోనైనా నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, అన్న కూతురు, నాకు వరసైన మరదలు. మా ఇద్దరికీ పెళ్లని చిన్నప్పటినుంచీ అందరూ అనుకుంటూనే ఉన్నారు. అందరూ అనుకుంటున్నారు కదా అని ఎవ్వరూ అడగలేదు. ఇంతలో ఎద్దు వచ్చి పడింది.

ఆ ఎద్దును మా అయ్యకు అమ్మింది మామే. చూపులకు బంగారం. మొదటి ప్రయాణంలోనే నిండు బండిని తాలిపేరు ఏటి మధ్యలోకి లాక్కుపోయి, నీళ్లు చల్లగా తగిలేసరికి ప్రాణం లేచొచ్చిందేమో, హాయిగా పడుకుంది. మేం లేపే లోపల బండెడు ఉప్పు ఏటిపాలైంది. (ఆ ఏడు ఏట్లోనే ఉప్పు చేపలు దొరుకుతాయిలే అని మా అవ్వ అన్నందుకు, మా అయ్య ఆమెతోనూ కొన్నాళ్లు మాట మానేశాడు.) దాని గుణం తెలిసే అంటగట్టాడని మా అయ్య, తన దగ్గరున్నన్నాళ్లు అది బుద్ధిగానే ఉందని మామ. అప్పటినుంచీ ఆ బావా బావమరుదులు ఒకే వాకిట్లో కూచున్నా మా అవ్వ ద్వారానే మాట్లాడుకునేవారు. మీ అన్నను తినమను, మీ ఆయన్ను ముందు తినమను, అని. నా పెళ్లి మాట కూడా ఉప్పుతోపాటే కరిగిపోయింది.

ఆ ఎండాకాలం అమ్మోరు ఊళ్ల మీద పడింది. బీజాపూర్ వైపునుంచి వస్తోందని కొందరు, గోదావరి దాటి వస్తోందని కొందరు. రాజ్యంవారు పంపిన టీకాల బాబు అంతకు ముందే మా ఊరికి వచ్చిపోయాడు. ఆయన వచ్చిన పూట ఊళ్లో మగవాళ్లందరికీ ఒకేసారి అడవిలో పని పడింది. (బాబు చేతిలో కత్తి కొడవలంత ఉంటుందని పుకారు పుట్టించింది ఎవరో గుర్తులేదు, నేనే అయ్యుంటాను.) జగర్గుండా సంత చూసుకుని తిరిగిపోతూ మామ, కూతురితో సహా మా ఇంట్లో ఒక పూట దిగాడు. దిగింది చెల్లెలి కోసమే గానీ బావ కోసం కాదని గుమ్మంలోనే చెప్పాడు. ఆ సాయంత్రమే మా ఊరి పటేలు బాటకు అడ్డంగా రేగుకంప వేయించాడు. ఇక ఊళ్లోకి ఎవరూ రాకూడదు, ఊళ్లోంచి ఎవరూ పోకూడదు. కంప వేసిన మరునాడే నాకు ఒళ్లు కాలిపోయింది. తర్వాత మొహమంతా పొక్కులు.

ఊరి దేవతల పని చూసే వడ్డె వచ్చి, నా నుదుటి మీద చెయ్యి వేయకుండానే, అమ్మోరు నా ఒంటి మీదికి వచ్చిందని తేల్చాడు. ఆ క్షణంనుంచీ ఇంట్లో తాళింపు లేదు, కాళ్లకు చెప్పులు లేవు, గట్టిగా ఒక్క మాట లేదు. ముఖ్యంగా, అమ్మోరు ఏది అడిగినా కాదనకూడదు. నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. బండి చక్రం సరిగ్గా బిగించలేదని అంతకు ముందు వారమే ముల్లుగర్ర తీసుకుని వెంటపడిన మా అయ్య, గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడి, "ఏం గావాలె తల్లీ?" అని అడిగాడు. అంత మీసమున్నవాణ్ణి, నన్ను పట్టుకుని తల్లీ అని. జ్వరంలో ఉన్నాను కాబట్టి గానీ, లేకపోతే నవ్వుతోనే పొక్కులు చితికిపోయేవి.

నా దగ్గరికి వచ్చే వీలున్నది మా మరదలికి ఒక్కదానికే. చిన్నప్పుడే ఆమెకు అమ్మోరు పోసిపోయింది, చెంపల మీద ఆ గుర్తులు ఉండేవి. వేపమండతో విసరడం, మజ్జిగ తాగించడం అన్నీ ఆమే. మొదట్లో నాకు స్పృహే లేదు. జ్వరం దిగాక మాత్రం స్పృహ కాస్త ఎక్కువైంది. ఇక నేను అడగడం మొదలుపెట్టాను. బెల్లం నీళ్లన్నాను, వచ్చాయి. తాటిముంజలన్నాను, మామ ఆ వయసులో చెట్టెక్కి కోశాడు. ఒకసారి జీలుగు కల్లు మీదికి మనసు పోయి అదీ అడిగాను. కుండ నిండా తెచ్చారు. నేను నోరు తెరిచి కూచుంటే, వడ్డె ఆ కుండ అందుకుని సగం వాకిట్లో వేపచెట్టు మొదట్లో, సగం అమ్మోరి రాయి మీద పోశాడు. అదేందని మా మరదలు అడిగితే, అడిగింది అమ్మోరు కదా, తాగేదీ అమ్మోరే అన్నాడు. బుద్ధున్నవాడికి ఆ ఒక్క కుండతో అంతా అర్థం కావాలి. నాకు కల్లు పోయిందన్న బాధ తప్ప ఇంకేమీ అర్థం కాలేదు.

అయితే ఆ రోజుల్లో దొరికిన సుఖం మళ్లీ దొరకలేదు. ఇల్లంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. మా అవ్వ జొన్నలు దంచుతూ సన్నగా పాడుతుందని తెలిసింది. మా అయ్య పొద్దున్నే లేచి ఆ ఎద్దుతో చాలాసేపు గుసగుసలాడతాడని తెలిసింది. (తిడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, నా జ్వరం ఎంత తగ్గిందో దానికి చెప్తున్నాడు.) గట్టిగా మాట్లాడకూడదు, అలగకూడదు కాబట్టి బావా బావమరుదులు నేరుగా మాట్లాడుకోక తప్పలేదు. మొదట ఎండ గురించి, తర్వాత పొగాకు గురించి, ఆఖరికి ఎద్దు గురించి కూడా. ఎంత చక్కని ఎద్దు బావా అని ఒకరు, నీ కొట్టంల పుట్టింది, చక్కగుండదా అని ఒకరు. తలుపు వెనక పడుకుని వింటూ, ఈ జబ్బు ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండునని నేను కోరుకున్న మాట నిజం.

మరదలితో నాలుగు మాటలు కూడా అప్పుడే అయ్యాయి. నాలుగేమిటి, రోజంతా అవే. నేను చూసిన సంతలన్నీ చెప్పాను, ఆమె చూడని గోదావరిని చెప్పాను. ఆమె విసురుతూ వినేది. వింటూ వింటూ నేను కొంచెం పెంచి చెప్పినచోట మండతో మోకాలి మీద ఒకటి వేసేది. ఆమె చెంపల మీది గుర్తుల్ని ఎవరో ఎంచి మరీ దిద్దినట్టు అనిపించేది నాకు. అంతవరకూ అందరూ అనుకుంటున్న పెళ్లి, అప్పుడు మొదటిసారి నేను కూడా అనుకున్నాను. అనుకున్నానంటే మామూలుగా కాదు, ఇది జరక్కపోతే నేనేమైపోతానోనని భయం పట్టుకునేంతగా. ఆ భయంలోంచే ఉపాయం తట్టింది. అమ్మోరు అడిగితే మామ కాదనలేడు, అయ్య కాదనలేడు. నా ఒంటికి నీళ్లు పోసి అమ్మోరిని సాగనంపేలోగానే అడిగేస్తే సరి. ఈ సంగతి ఆమెకు ఎంతో గొప్పగా చెప్పాను. ఆమెకు నచ్చలేదు.

"ఇప్పుడడగకు బావా," అంది. "ఇప్పుడు మా అయ్య కాదనలేడు. కాదనలేనోడు ఔనంటే ఆ ఔను నాకెందుకు? నీళ్లు వోసినంక, నీ కాళ్ల మీద నిలవడి అడుగు."

నీళ్లు పోశాక మీ అయ్యకు మళ్లీ ఎద్దు గుర్తొస్తుందన్నాను. ఆమె మజ్జిగ ముంత తీసుకుని లేచిపోయింది.

వడ్డె కూడా ఉన్న పూట చూసుకుని, కళ్లు మూసుకుని, తల కొంచెం ఊపి, మామ తన బిడ్డను ఈ ఇంటికి ఇవ్వాలన్నాను. గొంతు నాదిలా ఉండకూడదని కొంచెం సన్నం చేశాను కూడా. (ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.) మామ చేతులు జోడించి, అట్లనే తల్లీ, ఇచ్చిన అన్నాడు. మా అయ్య, తెచ్చుకున్న తల్లీ అన్నాడు. మా అవ్వ కళ్లు తుడుచుకుంది. నా మొహం మీద ఆడుతున్న వేపమండ మాత్రం ఆగిపోయింది. చాలాసేపటిదాకా మళ్లీ ఆడలేదు.

కొన్నాళ్లకు నాకు పసుపూ వేపాకూ వేసిన నీళ్లు పోశారు. బుట్ట పొలిమేర దాటింది. మరునాడు పొద్దున బాట మీద కంప తీశారు, ఇంట్లో తాళింపు వాసన వచ్చింది. కొత్త పంచె కట్టుకుని, మామ ప్రయాణమవుతుంటే దగ్గరికి పోయి, లగ్గం ఎప్పుడు పెట్టుకుందామని మెల్లగా కదిపాను. మామ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"అడిగింది అమ్మోరు. ఇస్తనన్నది అమ్మోరికి. ఆమె నిన్ననే పొలిమేర దాటిపాయె. నడుమ నువ్వెవరివిరా?"

వడ్డెను అడిగితే, అంతే కదా అన్నాడు. జీలుగు కల్లు కుండ అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా అయ్యకు రోషం వచ్చి, ఇయ్యకుంటే మానె, పోతూ పోతూ ఎద్దును గూడ తోల్కపొమ్మని మీ అన్నకు చెప్పు అని మా అవ్వతో అన్నాడు. (అన్నాడే గానీ, ఎద్దు తాడు మాత్రం విప్పలేదు.) అన్ని రోజులు నేరుగా నడిచిన మాట మళ్లీ ఆమె ద్వారానే నడవడం మొదలైంది.

కంప తీసినచోట దాకా సాగనంపడానికి పోయాం. ఊరు సగం అక్కడే ఉంది. మామ చెప్పు తాడు కట్టుకుంటూ ఒక పక్కకు వంగాడు. మా మరదలు నా ముందుకు వచ్చి, ఎవరు విన్నా సరే అన్నట్టు, "ఇప్పుడడుగు బావా," అంది. నిజంగానే నేను నా కాళ్ల మీద నిలబడి ఉన్నాను. మామ అక్కడే ఉన్నాడు. కానీ మొహం నిండా రాలని పొక్కులు, చుట్టూ ఊరు, ఇందాకటి అవమానం, మళ్లీ కాదంటాడేమోనన్న భయం. నాలుగు భాషల్లో ఒక్క ముక్క నోటికి రాలేదు. వచ్చే సంతకు అడుగుతాలే అన్నాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, "అట్లనే తల్లీ," అంది. అని తండ్రి వెనకాల వెళ్లిపోయింది.

వచ్చే సంతకు సిగ్గుతో వేరే దారిన పోయాను. ఆ వచ్చే సంతకు వానలు పట్టుకున్నాయి, తాలిపేరు పొంగింది. నీళ్లు తీశాక తెలిసింది, అవతలి ఊరి వ్యవసాయదారుడెవరో వాకిట్లోకి వచ్చి నిలబడి అడిగాడట, మామ ఇచ్చాడట. అతనికి నాకంటే ఎక్కువ ఏమున్నాయని ఆరా తీశాను. ఏమీ లేవు, నోరు తప్ప. ఆ రాత్రి బండి కింద పడుకుని ఏడ్చాను. ఈ సంగతి ఎద్దుకు తప్ప ఎవరికీ తెలియదు.

రాజ్యం పోయింది, బండ్లు పోయి లారీలొచ్చాయి. నాకూ మంచి ఇల్లాలు దొరికింది, పిల్లలయ్యారు. మొన్నొకసారి బీజాపూర్ సంతలో చింతపండు ముందు కూచున్న ముసలామె, "ఏం తల్లీ, బాగున్నవా?" అంది. ముడతల మధ్య ఆ చుక్కలు కనిపించకపోయినా గుర్తుపట్టేవాణ్ణే. కూచుని పిల్లల గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నాం. మాటల మీద, ఆ పొద్దు మా అయ్య చెప్పు తాడు అంతసేపు ఎందుకు కట్టిండనుకున్నవ్ అని అడిగింది. తెగిందేమో అనుకున్నానన్నాను. తెగలేదట. నేను అడుగుతానేమోనని ఆగాడట.

"అడిగితే ఇచ్చేటోడా?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"నువ్వడగలే, ఆయన జెప్పలే. నాకేం ఎరుక బావా," అని, ఎవరో బేరమాడుతుంటే అటు తిరిగింది.

ఇప్పుడు నాకు జ్వరమొస్తే కోడలు మంచం దగ్గరికి వచ్చి, ఏమైనా కావాలా మామయ్యా అని అడుగుతుంది. బాగయ్యాక నేనే లేచి వచ్చి అడుగుతానమ్మా అంటాను. ఆ పిల్ల అది నా మర్యాద అనుకుంటుంది. కథంతా తెలిసిన మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి, అట్లనే తల్లీ, అంటుంది. అటు తిరిగి పడుకుని నేనూ నవ్వుకుంటాను.